దోసెడు అడవి

పెంపుడు జంతువు అనగానే మన మనసులో మెదిలేది బదులు పలికే ప్రాణి. కుక్క తోక ఊపుతుంది. పిల్లి కాళ్ళకు ఒరుసుకుంటుంది. చిలుక నేర్పిన మాటను అప్పజెబుతుంది. చివరికి గాజుతొట్టెలో చేప సైతం మేత వేసే చెయ్యి కనబడగానే పైకి తేలి వస్తుంది. నేను మూడేళ్ళుగా ఇంట్లో ఉంచుకున్న ప్రాణులు వీటిలో ఏ ఒక్కటీ చెయ్యవు. నేను దగ్గరకు వెళితే అవి ఎండుటాకులా బిగుసుకుపోతాయి. పొరపాటున వేలు తగిలితే ఒళ్ళంతా సన్నగా, సెల్‌ఫోను కంపించినట్టు, వణికిస్తాయి. నేనక్కడ ఉన్నానన్న స్పృహ వాటికి కలగకుండా చూడటమే నేను వాటికి చెయ్యగల గొప్ప ఉపకారం.

అవి మరుగుజ్జు ఊసరవెల్లులు. ఈ పేరు ఒక్క జాతికి చెందినది కాదు. ఆఫ్రికా ఖండంలోని రాంఫోలియన్, రీపెలియన్ అనే రెండు ప్రజాతుల చిన్న ఊసరవెల్లులన్నిటినీ కలిపి పెంపకందారులు అలా పిలుస్తారు. నా దగ్గరున్నవి గడ్డపు మరుగుజ్జులు. శాస్త్రనామం రీపెలియన్ బ్రెవికాడేటస్. 1892లోనే శాస్త్రలోకానికి తెలిసిన జాతి ఇది. తూర్పు టాంజానియా అడవుల నేలా, ఆ నేల మీది పొదలూ వీటి స్వస్థలం. నిండుగా ఎదిగినది కూడా తోకతో కలిపి ఎనిమిది సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. గడ్డం కింద చిన్న పొలుసుల కుచ్చు, ఒంటి పక్కన ఆకు ఈనెల్లాంటి గీతలు, కురచ తోక. పెద్ద ఊసరవెల్లుల మాదిరి తోకతో కొమ్మను చుట్టి వేలాడే విద్య వీటికి అంతగా రాదు. వీటికి కొమ్మలకన్నా రాలిన ఆకులతోనే పని ఎక్కువ.

మన భాషలో ఊసరవెల్లి అన్నది ఒక తిట్టు. మాట మార్చేవాణ్ణీ, పార్టీ మార్చేవాణ్ణీ ఆ పేరుతో పిలిచి పిలిచి, అసలు ప్రాణిని చూడటం మరిచిపోయాం. నా ఊసరవెల్లులు గోధుమరంగు నుంచి మరో గోధుమరంగుకు మారుతాయి. రాత్రి నిద్రలో కొంచెం పాలిపోతాయి. అంతే. ఆ తిట్టుకు న్యాయం చేసేంత రంగుల వైభవం వాటికి లేదు. ఇంటికి వచ్చిన మిత్రులు గాజుపెట్టె ముందు పావుగంట నిలబడి, "ఇందులో ఏమీ లేదే!" అని వెళ్ళిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి.

ఆ ‘ఏమీ లేదే’ అన్న మాటనే ఈ పెంపకానికి గీటురాయిగా తీసుకోవాలని నా అభిప్రాయం. పెట్టెలోకి చూడగానే మూడు ఊసరవెల్లులూ ఎదురుగా కనబడుతున్నాయంటే, వాటికి దాక్కునే చోటు చాలలేదన్నమాట. చూసేవాడి కోసం అమర్చిన పెట్టె వేరు, ఉండేవాటి కోసం అమర్చిన పెట్టె వేరు. మరుగుజ్జు ఊసరవెల్లుల విషయంలో ఈ రెండూ ఒకచోట పొసగవు. ఏదో ఒకటి ఎంచుకోవాలి. చూసే సుఖాన్ని వదులుకోలేనివారు ఈ ప్రాణుల జోలికి రాకపోవడం మేలు.

అందుకే, "ఊసరవెల్లులను ఎలా పెంచాలి?" అని అడిగేవారికి నేను ముందుగా మట్టి సంగతి చెబుతాను. నా పెట్టె 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. అట్టడుగున నాలుగు సెంటీమీటర్ల మందాన కాల్చిన మట్టిగుళికలు. పైనుంచి దిగిన నీళ్ళు నేలను బురద చేయకుండా అక్కడికి చేరతాయి. వాటి మీద సన్నటి వల. వల మీద తోటమట్టి, కొబ్బరిపొట్టు, కాస్త ఇసుక కలిపిన నేల, పది సెంటీమీటర్లకు తగ్గకుండా. దాని మీద దట్టంగా ఎండుటాకులు. నేనుండేది ఇంగ్లండులో కనుక ఓక్, బీచ్ చెట్ల ఆకులు దొరుకుతాయి. మందులు చల్లని చోట ఏరుకొచ్చి, కడిగి, ఆరబెట్టి వాడతాను. మనీప్లాంటు తీగ, రెండు మూడు ఫెర్నులు, గోడకు పాకే మర్రి కుటుంబపు చిన్న తీగ ఒకటి, పెన్సిలుకన్నా సన్నని ఎండుపుల్లలు బోలెడు. రాత్రి అవి నిద్రపోయేది ఆ పుల్లల చివర్లలోనే.

ఈ నేలలో స్ప్రింగ్‌టెయిల్స్ అనే కంటికి ఆనీ ఆనని పురుగులనూ, కుండీ ఎత్తినప్పుడు కింద చెదిరిపోయే బూడిదరంగు ఐసోపాడ్లనూ వదిలాను. ఊసరవెల్లుల మలాన్నీ, బూజునూ, కుళ్ళిన ఆకులనూ అవి తిని నేలను శుభ్రంగా ఉంచుతాయి. ఇదంతా సిద్ధం చేశాక నెలన్నరపాటు పెట్టెలో ఊసరవెల్లులను దించలేదు. మొక్కలు వేరూనాలి, పురుగులు సంతతి పెంచుకోవాలి, తేమ ఒక నిలకడకు రావాలి. ఆ నెలన్నర ఖాళీ మట్టిపెట్టెకు సేవ చేయగల ఓపిక ఉందా అన్నది మంచి పరీక్ష. ఓపిక ఉన్నవాడికి తరువాతి పని సులువు. లేనివాడు ప్రాణిని ముందు కొని పెట్టెను తరువాత వెతుక్కుంటాడు; అక్కడ కష్టం అనుభవించేది కొన్నవాడు కాదు.

నేల అంత లోతు దేనికని అడుగుతారు. ఆడవి గుడ్లు పెట్టడానికి గొయ్యి తవ్వుతాయి. చాలినంత లోతూ, తడీ దొరకకపోతే గుడ్లను కడుపులోనే ఆపుకుంటాయి. అది ప్రాణాల మీదికి వస్తుంది. వేడి విషయంలోనూ అంతే శ్రద్ధ కావాలి. పగలు 22 నుంచి 24 డిగ్రీలు, రాత్రి 18కి అటూ ఇటూ. 28 దాటితే వాటికి ప్రమాదం మొదలైనట్టే. సరీసృపం అనగానే వేడి దీపం కొనిపెట్టే అలవాటు ఒకటి ఉంది. దట్టమైన అడవి నీడలో, ఆకుల కింద బతికే ప్రాణికి ఆ దీపం నిప్పులకొలిమి. మా ఇంటి గది చల్లదనమే వాటికి సరిపోతోంది. పైన మొక్కల కోసం ఒక దీపం, తక్కువ తీవ్రతతో అతినీలలోహిత కిరణాలిచ్చే గొట్టపు దీపం ఒకటి, రోజుకు పన్నెండు గంటలు.

ఇక గుంపు సంగతి. "ఇవి కలిసిమెలిసి బతుకుతాయి, చిన్నవి కదా, అరడజను వేసుకోవచ్చు" అన్న మాట పెంపకందారుల్లో తరచు వినబడుతుంది. ఈ మాటతో నేను ఏకీభవించను. పెద్ద ఊసరవెల్లులు సాధారణంగా ఒకదాని పొడ మరొకటి సహించవు. వాటితో పోలిస్తే ఇవి సహనశీలమైనవన్నది నిజం. అయితే సహించడం వేరు, స్నేహం వేరు. రైలుపెట్టెలో ఎదురెదురు బల్లల మీద కూర్చున్న ప్రయాణికుల సహనం వీటిది. ఒక మగ, రెండు ఆడ, ఇంతకు మించి నా పెట్టెలో చోటు లేదు. రెండు మగవాటిని కలిపితే పోట్లాట తప్పదు. ఒక మగకు ఒకే ఆడది జతగా ఉంటే, దాని వెంటబడటం తప్ప మగదానికి వేరే వ్యాపకం ఉండదు. ఆడదానికి విశ్రాంతి దొరకదు. ఇద్దరున్నప్పుడు ఆ ఒత్తిడి పంచబడుతుంది. అప్పుడైనా ఒకదాని కంటికి మరొకటి ఆనకుండా పోగలిగే మరుగులు కావాలి. మూడు ఊసరవెల్లులున్న పెట్టెలో నాలుగు దాపులుండాలన్నది నేను పెట్టుకున్న నియమం. ఎప్పుడూ ఒకటి ఖాళీగా ఉండాలి, పారిపోవాలనుకున్నదానికి చోటు వెతుక్కునే పని లేకుండా.

వీటిలో బలహీనపడినది అరవదు, కరవదు, మూలగదు. అందరితోపాటు ఎండుటాకులా కూర్చునే ఉంటుంది. పట్టపగలు కళ్ళు మూసుకోవడం, కంటిగుబ్బలు లోపలికి దిగిపోవడం, పుల్ల చివరకు ఎక్కకుండా రాత్రి నేల మీదే పడుకోవడం, గాజు వెంట అదేపనిగా అటూ ఇటూ తిరగడం: ఇవే అది చెప్పగల మాటలు. గుంపు పెద్దదయ్యేకొద్దీ ఈ మాటలు వినడం కష్టమవుతుంది. పన్నెండు ఉన్నచోట ఒకటి రెండు రోజులు కనబడకపోతే ఎవరికి తెలుస్తుంది? అందువల్ల రోజూ రాత్రి, దీపాలు ఆరిన అరగంటకు, చిన్న టార్చితో ఒక్కసారి లెక్క చూసుకుంటాను. నిద్రలో పాలిపోయిన మూడు ఒళ్ళు మూడు పుల్లల చివర కనబడితే ఆ రోజుకు నా పని అయిపోయినట్టు. నా మటుకు నాకు ఎన్నింటిని పెంచవచ్చన్న ప్రశ్నకు జవాబు పెట్టె కొలతల్లో లేదు. ప్రతి రాత్రీ ఎన్నింటిని విడివిడిగా గుర్తుపట్టి లెక్కించగలమో అన్నే పెంచాలి.

తిండి విషయంలో నాకు ఒక్క ఇబ్బంది ఎదురైంది, అది ఇంట్లోవాళ్ళది. మాగిన అరటిపళ్ళ మీద ముసిరే చిన్న ఈగలున్నాయే, వాటిలో ఎగరలేని రకాన్ని సీసాలలో పెంచాలి. వంటింటి అలమరలో ఈగల సీసాలకు చోటు సంపాదించడానికి మా ఆవిడతో జరిగిన రాయబారాలు వేరే కథ. ఈగలతోపాటు అప్పుడే పుట్టిన కీచురాయి పిల్లలు. అవి ఊసరవెల్లి రెండు కళ్ళ మధ్య దూరానికి మించకూడదు. వేసేముందు ఎముక పుష్టికి కాల్షియం పొడి అద్దాలి. నెలకు రెండుసార్లు విటమిన్ల పొడి. గిన్నెలో నీళ్ళు పెడితే అవి గుర్తించవు. ఆకుల మీద నిలిచిన చుక్కలనే తాగుతాయి. అందుకని ఉదయం, సాయంత్రం పొగమంచులా నీళ్ళు చిమ్మాలి. రెండు చిమ్మకాల మధ్య పైపొర కాస్త ఆరాలి. ఎప్పుడూ తడిసి ముద్దగా ఉండే నేల అడవి నేల కాదు.

ఇంతవరకూ చెప్పినదంతా శ్రద్ధ ఉన్న ఎవరైనా చేయగలిగిందే. అసలు చిక్కు ఈ ప్రాణులు మన పెట్టెల దాకా వచ్చే దారిలో ఉంది.

ఏళ్ళ తరబడి ఐరోపా, అమెరికా బజార్లలో మరుగుజ్జు ఊసరవెల్లులు కొద్దిపాటి ధరకే దొరికేవి. కారణం సులభం: ఎవరూ వాటిని పెంచి అమ్మలేదు, అడవిలో ఏరి అమ్మారు. ఆకుల మధ్య నుంచి తీసి, సంచుల్లో కుక్కి, విమానమెక్కించి, టోకు వ్యాపారి దగ్గర కొన్నాళ్ళు, అంగడిలో కొన్నాళ్ళు ఉంచిన ప్రాణి కొనేవాడి చేతికి వచ్చేసరికి నీరింకిపోయి ఉంటుంది. అడవిలో పొట్టలోని పరాన్నజీవులతో ఎలాగో సర్దుకుపోయే ఒళ్ళు, ఈ ప్రయాణపు బడలికలో వాటికి లొంగిపోతుంది. కొన్నవాడికి అది తెలియదు. ఎండుటాకు ఎండుటాకులాగే ఉంటుంది కదా! చనిపోయాక "వీటి ఆయుష్షే ఇంత" అనుకుని మరొకటి కొంటాడు. సక్రమంగా ఉంటే మూడేళ్ళు, అంతకు పైగానూ బతికే ప్రాణికి ‘కొత్తవారికి అనువైన చౌక ఊసరవెల్లి’ అన్న పేరు ఇలా వచ్చింది. ఆ చౌకధర వెనుక ఉన్నది పెంపకంలోని సులువు కాదు, ప్రాణానికి ఎవరూ లెక్క కట్టకపోవడం.

2016లో రెండు మార్పులు వచ్చాయి. ఆ ఏడు టాంజానియా ప్రభుత్వం వన్యప్రాణులను ప్రాణంతో ఎగుమతి చేయడాన్ని ఆపివేసింది. అదే ఏడు జొహన్నెస్‌బర్గ్‌లో జరిగిన సైటీస్ ఒప్పందపు సభలో రాంఫోలియన్, రీపెలియన్ ప్రజాతులు రెండింటినీ రెండవ అనుబంధంలో చేర్చారు. 2017 జనవరి నుంచి అది అమలులోకి వచ్చింది. అంటే దేశం దాటించాలంటే అనుమతిపత్రం ఉండాలి. అంతకుముందు ఈ ప్రజాతులకు ఆ పాటి కాపలా కూడా లేదు. మడగాస్కర్‌లోని బ్రూకీసియా అనే చిన్న ఊసరవెల్లుల ప్రజాతికి అంతకు చాలా ఏళ్ళ ముందే రక్షణ దొరికింది. రంగురంగుల పెద్ద ఊసరవెల్లులకూ దొరికింది. ఆఫ్రికా ఎండుటాకుల వంతు చివరికి వచ్చింది.

దీని మీద పెంపకందారుల్లో అసంతృప్తి ఉంది. ధర పెరిగిందనీ, దొరకడం కష్టమైందనీ. నేను సంతోషించాను. నా మూడూ ఇక్కడే, ఒక పెంపకందారు పెట్టెలో గుడ్డు పగిలి బయటికొచ్చినవి. వాటి కోసం ఎనిమిది నెలలు ఆగవలసి వచ్చింది. అమ్మిన మనిషి నన్ను నా పెట్టె ఫోటోలు అడిగాడు, నేల లోతు అడిగాడు, ఈగల సీసాలు చూపించమన్నాడు. అల్లుణ్ణి ఎంచుకునే మామగారు కూడా అన్ని ప్రశ్నలు వెయ్యడేమో! ఆ ప్రశ్నలు విసుగనిపించినవారు కొనకూడదు, ఆ ప్రశ్నలు వెయ్యనివారి దగ్గర కొనకూడదు. అడవిలో పట్టినదానిని ఏ ధరకూ కొనకూడదు, జాలితోనైనా సరే. జాలితో కొన్న ఒక్కొక్కటీ ఖాళీ చేసిన చోటులోకి మరొకటి వస్తుంది.

"అసలు గాజుపెట్టెలో పెట్టడమే తప్పు కదా" అనేవారున్నారు. ఈ ఆక్షేపణను తేలికగా కొట్టిపారెయ్యలేను. అది ఏ పెట్టెలోనైనా బందీయే. నా దోసెడు మట్టిని అడవి అని పిలవడం నా ముచ్చటే తప్ప దానికి తెలిసిన సంగతి కాదు. పెంపకందారుల్లో కొందరు, మేము జాతిని కాపాడుతున్నామని గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాట అంటానికి నాకు నోరు రాదు. మలావీ దేశపు దక్షిణాన మలావీ కొండల్లో చాప్‌మన్ మరుగుజ్జు ఊసరవెల్లి అనే జాతి ఉంది. 1992లో దానికి శాస్త్రనామం పెట్టారు. అడవి కొట్టివేత చూసి భయపడి, 1998లో 37 ఊసరవెల్లులను అక్కడికి ఉత్తరాన మికుండి అనే చోట వదిలారు. తరువాత ఆ జాతి అంతరించిందేమోనని భయపడుతున్న సమయంలో, 2016లో వెతికిన పరిశోధకులకు మికుండిలోనూ, మలావీ కొండల్లో మిగిలిన అడవి తునకల్లోనూ అవి కనిపించాయి. 2021లో వెలువడిన వారి అధ్యయనం ప్రకారం 1984కూ 2019కీ మధ్య మలావీ కొండల అడవి సుమారు 80 శాతం నశించింది. దాన్ని నిలబెట్టినవి అడవి తునకలే, ఏ పెంపకందారు గాజుపెట్టే కాదు. నా పెంపకం వల్ల టాంజానియాలో ఒక్క చెట్టు కూడా నిలబడలేదు. మరొక అడవి ప్రాణిని సంచిలో కుక్కే అవసరం నా వల్ల కలగలేదని మాత్రం చెప్పగలను. అంతకు మించి పుణ్యం కట్టుకోవడం నాకు చేతకాదు.

హైదరాబాదులో ఉన్న మా మేనల్లుడు పదోతరగతి చదువుతున్నాడు. ఫోనులో ఈ పెట్టెను చూసినప్పటి నుంచీ వాడికి ఒకటే ధ్యాస. "మామయ్యా, ఈసారి వచ్చేటప్పుడు రెండు తేగలవా? ఇక్కడ ఎవరో అమ్ముతున్నారని కూడా విన్నాను" అన్నాడు మొన్న. తేలేననీ, అమ్మేవాడి దగ్గరకు వెళ్ళొద్దనీ చెప్పాను. మన దేశంలో 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. సైటీస్ అనుబంధాలలోని విదేశీ ప్రాణులు ఆ చట్టం నాలుగవ షెడ్యూలులో చేరాయి. వాటిని ఉంచుకునేవారు ప్రభుత్వానికి తెలిపి నమోదు చేయించుకోవాలి. కాగితాలు లేకుండా ఎవరో పెరట్లో అమ్మే ఆఫ్రికా ఊసరవెల్లి ఏ దారిన వచ్చిందో ఊహించడం కష్టం కాదు. చట్టం అటుంచి, హైదరాబాదు ఎండ 40 డిగ్రీలు దాటే మే నెల మధ్యాహ్నం రెండు గంటలు కరెంటు పోతే ఆ గాజుపెట్టె ఏమవుతుంది? 28 డిగ్రీల గీత వాడికి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే నాకు ఎప్పటికీ కుదరదా?" అన్నాడు. ఆ గొంతు విన్నాక కుదరదని చెప్పడం అంత తేలికగా లేదు. అయినా చెప్పాను.

చెప్పి ఊరుకోలేదు. మన దక్షిణాది పొదల్లో, తోటల కంచెల మీద మన ఊసరవెల్లి ఉంది. శాస్త్రనామం కమీలియో జైలానికస్. ఆకుపచ్చని ఒళ్ళు, కొమ్మను చుట్టే తోక, ఒక్కొక్కటీ ఒక్కో దిక్కు చూసే కళ్ళు. నా మరుగుజ్జులకన్నా ఎన్నో రెట్లు పెద్దది, చూడటానికి ఎంతో అందమైనది. దానికి విషం లేదు. అయినా విషమనుకుని, అపశకునమనుకుని దాన్ని రాళ్ళతో కొట్టేవారు పల్లెల్లో ఇంకా ఉన్నారు. దాన్ని పట్టి పెంచడం నేరం. చూడటం నేరం కాదు. తాతగారి ఊరికి వెళ్ళినప్పుడు కంచె దగ్గర ఒక సాయంత్రం కదలకుండా కూర్చోమన్నాను. వెలుతురు తగ్గాక టార్చి వేస్తే, నిద్రలో పాలిపోయిన ఒళ్ళు కొమ్మ చివర తెల్లగా మెరుస్తుందని చెప్పాను. కనబడితే తాకవద్దనీ, ఎక్కడ కనబడిందో ఊళ్ళో పిల్లలకు చెప్పవద్దనీ, అది విషప్రాణి కాదన్న సంగతి మాత్రం అందరికీ చెప్పమనీ అన్నాను.

మూడంగుళాల ప్రాణి కోసం ఇంత ఆర్భాటమా అని ఎవరికైనా అనిపిస్తే ఆశ్చర్యపోను. నా ఉద్దేశంలో ప్రాణి ఎంత చిన్నదైతే మన బాధ్యత అంత పెద్దది. ఏనుగుకు చోటు చాలకపోతే లోకానికి తెలుస్తుంది; ఎండుటాకుకు చోటు చాలకపోతే తెలిసేది దాన్ని తెచ్చుకున్నవాడికొక్కడికే. వాడు చూడకపోతే మరెవరూ చూడరు. కాబట్టి తెచ్చుకోదలచినవారు ముందు మట్టి తెచ్చుకోండి. ఆకులు ఏరుకోండి. నెలన్నర ఆ ఖాళీ పెట్టెకు నీళ్ళు చిమ్మండి. అప్పటికీ ఉత్సాహం మిగిలి ఉంటే, పుట్టుక తెలిసిన ప్రాణి కోసం ఎన్ని నెలలైనా ఆగండి. అది దొరకకపోతే, మొక్కలూ ఐసోపాడ్లూ ఉన్న ఆ పెట్టెనే అలాగే ఉంచుకోండి. చాలా రోజులు నా పెట్టెలోనూ నాకు కనబడేది అదే.